టెక్ సందేహాలు: వేక్‌బోర్డు పడవకు బరువెంత?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. వేక్‌బోర్డింగ్ (పడవ లాగుతుంటే దాని వెనక లేచే అల మీద బోర్డుపై ఆడే ఆట) కోసం 21 అడుగుల పాత పడవ కొన్నాం. బరువు పెంచి అల పెద్దది చేయడానికి కంపెనీ అమర్చిన ట్యాంకుల్లో 800 పౌండ్ల నీరు పడుతుంది. అయినా అల చిన్నగా ఉందని పిల్లలు పెదవి విరుస్తున్నారు. వెనక సీట్ల పక్కన ఒక్కోటి 750 పౌండ్ల నీటి సంచులు రెండు పెడదామనుకుంటున్నాం. పడవ ఎంత బరువు మోయగలదో చెప్పే ప్లేటు మీద మనుషులకూ సామానుకూ కలిపి 2,400 పౌండ్లని ఉంది. మామూలుగా ఆరుగురం వెళ్తాం. పరవాలేదా?

జవాబు: సంచులకు ఇంకా డబ్బు కట్టకపోతే ఆగండి. ఆరుగురు పెద్దవాళ్లు సుమారు 1,000 పౌండ్లు. బోర్డులు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె మరో 150 అనుకుందాం. మిగిలింది 1,250. ట్యాంకుల నీటిని ప్లేటు అంకెలో కలిపారో లేదో మాన్యువల్‌లో చూడండి. అది కంపెనీని బట్టి మారుతుంది. కలిపి ఉంటే మీకు దక్కేది 450 పౌండ్లే. ఏ లెక్కన చూసినా 1,500 పట్టదు.

అమెరికా కోస్ట్ గార్డ్ ఈ ప్లేటును 20 అడుగుల లోపు పడవలకే తప్పనిసరి చేసింది. మీ పడవకు చట్టం అడగలేదు కదా అని దాన్ని పక్కన పెట్టేవాళ్లున్నారు. పడవ కట్టినవాళ్ల కంటే తమకే ఎక్కువ తెలుసన్న ధీమా అది!

అల ఎత్తు ఒక్కటే చూడకండి, ఆకారమూ చూడండి. బరువంతా వెనక పెడితే అల నిటారుగా లేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు అది కష్టం. కొంత బరువు ముందుకు జరిపితే అల వాలుగా, పొడవుగా మారుతుంది. అలాగని ముందు మరీ ఎక్కువ పెట్టకూడదు. పడిన పిల్లవాడి కోసం వేగం తగ్గించి మలుపు తిరిగేటప్పుడు మీ పడవ లేపిన అలలే ఎదురొచ్చి, ముందు నుంచి నీళ్లు లోపలికి దూకుతాయి. కుడి ఎడమలు మాత్రం సమంగా ఉండాలి. ఒక పక్కకు ఒరిగించడం వేక్‌సర్ఫింగ్ (తాడు వదిలేసి అల మీద జారే ఆట) పద్ధతి. అది గంటకు 10–12 మైళ్ల ఆట, మీది 20 పైన.

కాబట్టి మొదట ట్యాంకులు మాత్రమే నింపి 21 మైళ్ల వేగంతో ఒకసారి నడపండి. మనుషులను అటూ ఇటూ మార్చి కూర్చోబెట్టండి. ఖర్చులేని బ్యాలాస్ట్ (అదనపు బరువు) వాళ్లే. అప్పటికీ చాలకపోతే 400 పౌండ్ల సంచి ఒకటి కొని, సగం నింపి చూడండి. అల అంచు తెల్లగా నురగలు కక్కినా, పడవ నీటిపైకి లేవడానికి తంటాలు పడినా, స్పీడ్ కంట్రోల్ ఒక అంకె దగ్గర నిలవకపోయినా అక్కడికి ఆపండి. ఇంజను ఆయాసపడుతుంటే తక్కువ పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు నెట్టే దూరం) ఉన్న ప్రొపెల్లర్ ఉపయోగపడుతుంది. అయితే అది బలాన్ని పెంచుతుందే గానీ ప్లేటు మీది అంకెను పెంచదు.

సీసం సంచులు తక్కువ చోటులో ఇముడుతాయని ఎవరైనా చెబుతారు. నిజమే. కానీ పడవలోకి నీళ్లు వస్తే సీసం దాన్ని కిందికి లాగుతుంది; సంచిలోని నీరు లాగదు. నా ఓటు నీటికే.

ఇంటికి బయలుదేరే ముందు ట్యాంకులు, సంచులు పూర్తిగా ఖాళీ చేయండి. ట్రైలరు మీది భారం ఒక కారణం, చట్టం మరో కారణం. టెక్సస్–ఓక్లహామా సరిహద్దులోని టెక్సోమా సరస్సులో 2009లో జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప జాతి బయటపడింది. అది ఒక చెరువు నుంచి మరో చెరువుకు పాకకుండా, పడవలో నీళ్లు మిగల్చకూడదని టెక్సస్ నిబంధన పెట్టింది.

ప్రశ్న: గంటకు 800 గ్యాలన్ల పంపు కొన్నాను. 750 పౌండ్ల సంచి పావుగంటైనా నిండటం లేదు. పంపు పాడైందా?

జవాబు: ఆ సంచిలో పట్టేది 90 గ్యాలన్లు; లెక్క ప్రకారం ఏడు నిమిషాలు చాలు. గొట్టం పొడవు, మలుపుల వల్ల ఇంకాస్త పట్టవచ్చు. ముందు జల్లెడలో నాచు చిక్కిందేమో, సంచిలో గాలి నిలిచిపోయిందేమో చూడండి. రబ్బరు ఇంపెల్లర్ (నీటిని నెట్టే రెక్కల చక్రం) ఉన్న రకమైతే, సంచి ఖాళీ అయ్యాక కూడా స్విచ్చి కట్టకుండా వదిలేశారేమో గుర్తు చేసుకోండి. నీళ్లు లేకుండా తిరిగితే ఆ రబ్బరు రెక్కలు త్వరగా చిరుగుతాయి. అప్పుడు ఇంపెల్లర్ మారిస్తే చాలు, పంపు మొత్తం కొనక్కర్లేదు.