డీ డ్రైవ్‌లో కాపీ ఉంది కదా, ఇంకా హార్డ్ డిస్క్ ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విజయనగరంలో నాన్నగారు ఇంట్లోనే డీటీపీ (కంప్యూటర్‌లో టైప్ చేసి ప్రింటుకు పేజీలు తయారుచేసే పని) చేస్తారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఇంటి ఫోటోలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. డీ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకున్నారు. ఇప్పుడు 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నారు. కాపీ పేస్ట్ చేస్తే చాలా, దాన్ని ఎప్పుడూ తగిలించే ఉంచొచ్చా అని అడుగుతున్నారు. పలాస పక్కన కాశీబుగ్గలో నాదీ ఇదే పని, అందుకే రాస్తున్నా.

ముందు డీ డ్రైవ్ సంగతి. మన దగ్గర కంప్యూటర్ అసెంబుల్ చేసి ఇచ్చేవాళ్లు చాలావరకు ఒక్క డిస్క్‌నే సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇస్తారు. తెర మీద మూడు కనిపిస్తాయి, డబ్బాలో ఉండేది ఒకటే. అది పోయిందంటే మూడూ పోయినట్టే. అనుమానం ఉంటే విండోస్‌లోనే ఉండే 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరిచి చూడండి, మూడూ 'డిస్క్ 0' వరసలోనే ఉంటే అంతే సంగతి. విండోస్ పాడై సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాల్సి వచ్చినప్పుడు డీలోని కాపీ ఆదుకుంటుంది, అంతకుమించి కాదు.

ఎప్పుడూ తగిలించి ఉంచడం మాత్రం వద్దండీ. డీటీపీ అంటేనే వచ్చిన ప్రతివాళ్లూ పెన్‌డ్రైవ్ చేతిలో పెడతారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ చూడని డీటీపీ సెంటర్ ఉంటుందా? రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లాంటిది వస్తే ఆ క్షణాన తగిలించి ఉన్న డిస్క్‌లో ఫైళ్లకూ తాళం వేసేస్తుంది. ఇక పిడుగుల సంగతి మన జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. మా బావగారింట్లో ఒక వేసవి సాయంత్రం పిడుగు పడి ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా), మదర్‌బోర్డు, దానికి తగిలించి ఉన్న డిస్క్ మూడూ ఒకేసారి పోయాయి. కాబట్టి తగిలించండి, కాపీ చెయ్యండి, 'సేఫ్లీ రిమూవ్' కొట్టి తీసి బీరువాలో పెట్టండి.

వీలైతే రెండో డిస్క్ కూడా కొని వేరే ఊళ్లో ఉంచండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా మేడమీద గది కిటికీ ఊడి, సీపీయూ తడిసి ముద్దయింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, రిపేరు మాట ఎత్తేవాడే లేడు. నా రెండో డిస్క్ మీ ఊళ్లోనే, మా అక్కావాళ్లింట్లో ఉండబట్టి పని నిలబడింది. ఇప్పటికీ పండక్కి వెళ్లినప్పుడల్లా ఒకటిచ్చి ఇంకోటి తెచ్చుకుంటాను.

ఇక కాపీ చేసే పద్ధతి. 1 టీబీ అని కొన్నది 931 జీబీ చూపిస్తుంది, మోసమేమీ కాదు, కంపెనీ లెక్క వేయితో, విండోస్ లెక్క 1024తో. డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కదు, ఖాళీగా ఉండగానే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌కి మార్చుకోండి. పాత క్యాబినెట్లలో ముందు వైపు పోర్టులు లూజుగా ఉంటాయి, వెనక పోర్టుకే పెట్టండి, నీలం రంగుది (వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3) ఉంటే అదే. మామూలు యూఎస్‌బీ 2 పోర్టయితే 500 జీబీకి నాలుగైదు గంటలు పట్టొచ్చు. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి.

మొదటిసారికి కాపీ పేస్ట్ చాలు. తర్వాత నుంచి ఏది కొత్తది, ఏది పాతది అని వెతుక్కోలేక మీరే విసిగి మానేస్తారు. ఫ్రీఫైల్‌సింక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మారినవాటినే కాపీ చేస్తుంది. అందులో 'మిర్రర్' కాకుండా 'అప్‌డేట్' ఎంచుకోండి. మిర్రర్ అయితే ఇక్కడ పొరపాటున చెరిపేసింది అక్కడా చెరిగిపోతుంది. విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ కూడా మంచిదే, పాత వెర్షన్లు దాస్తుంది. కానీ అది మామూలుగా డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటివే చూస్తుంది. డీ డ్రైవ్ ఫోల్డర్లను మీరు విడిగా లైబ్రరీలో చేర్చకపోతే వాటి జోలికి పోదు.

డీటీపీ వాళ్లకు అసలు చిక్కు ఫాంట్లతో. నాన్నగారు అను (తెలుగు టైపింగ్, ఫాంట్ల సాఫ్ట్‌వేర్)లో టైప్ చేసిన పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లన్నీ భద్రంగా కాపీ అయినా, కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంట్లు లేకపోతే 'చి.ల.సౌ.' ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్లు ఉండేది సీ డ్రైవ్‌లో, విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో. విండోస్ 10, 11లో కొన్ని యూజర్ ఫోల్డర్‌లోనూ ఉంటాయి. అందుకని ఫాంట్ల ఫోల్డర్, అను ఇన్‌స్టలేషన్ ఫైలు, దాని లైసెన్స్ వివరాలు విడిగా కాపీ చేయండి. కార్డులో పెట్టిన గణపతి బొమ్మలు, ఫోటోలు చాలాసార్లు లింకుగానే ఉంటాయి, అంటే అసలు బొమ్మ వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, ఆ బొమ్మల ఫోల్డర్ కూడా వెంట రావాలి. ఖరారైన ప్రతి కార్డునూ ఒక పీడీఎఫ్ తీసి పక్కన పెడితే, కనీసం చూసి మళ్లీ టైప్ చేసుకోవచ్చు.

అంతా అయ్యాక ఆ డిస్క్‌ని పేజ్‌మేకర్, అను ఉన్న వేరే కంప్యూటర్‌కి తగిలించి, నాలుగు పాత కార్డులు, రెండు వీడియోలు తెరిచి చూడండి. ఏది తెరుచుకోకపోయినా అసలు ఫైలు ఇంకా మీ దగ్గరే ఉంటుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు, మళ్లీ కాపీ చేసుకుంటే సరి. నాన్నగారి కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే అందులో ఫైల్ హిస్టరీ ఉండదు, ఫ్రీఫైల్‌సింక్ పాత వెర్షన్ చూసుకోండి, లేదా దాంట్లోనే ఉన్న 'బ్యాకప్ అండ్ రిస్టోర్' వాడుకోండి.