కోడిపిల్లలు చేతికి మాలిమి కావాలంటే

సందేహం: మాది పొదిలి దగ్గర పల్లె. వ్యాన్‌లో తెచ్చి అమ్ముతుంటే వారం వయసున్న గ్రామప్రియ రకం కోడిపిల్లలు 30 కొన్నాను, ఇప్పుడు వాటికి మూడు వారాలు. మేత వెయ్యడానికి చెయ్యి పెడితే చాలు, మూలకు పరిగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, అట్లా రెండు నలిగి చచ్చిపోయాయి. సాయంత్రం గూట్లోకి తోలడం రోజూ టెన్షనే. మా ఇంటి నాటుకోడి పొదిగిన పిల్లలు ఇంకో ఎనిమిది ఉన్నాయి, దగ్గరికి పోతే తల్లి మీదికొచ్చి పొడుస్తోంది. వీటిని మాలిమి చేసుకునే దారి చెప్పండి సార్. – ఒక మహిళా రైతు

సలహా: అమ్మా, ముందు ఆ చెయ్యి సంగతి చూద్దాం. కోడిపిల్ల లెక్కలో పైనుంచి దిగేది ఏదైనా గద్దే. ఈ భయం పుట్టుకతో వచ్చింది, తల్లి నేర్పాల్సిన పని లేదు. మీరేమో గంప ఎత్తి, లేదంటే అట్టపెట్టె మీద నుంచి వంగి చెయ్యి పెడతారు, ఆ చేతిలో మేత ఉందా ఇంకేమైనా ఉందా అని చూసుకునేంత సేపు పిల్ల ఆగదు. అందుకని పెట్టెకు ఒక పక్క కోసి చిన్న తలుపులా చెయ్యండి, చెయ్యి ఎప్పుడూ ఆ పక్క నుంచే, నేల వారగా, నెమ్మదిగా లోపలికి పోవాలి. మీరు నిలబడి వంగకుండా కింద కూర్చోండి. ఈ ఒక్క మార్పుతోనే సగం గోల తగ్గుతుంది.

రెండు పిల్లలు నలిగి చనిపోయాయన్నారు కదా, దానికి భయం ఎంత కారణమో మూల కూడా అంతే కారణం. అట్టముక్కో పాత చాపో వంచి నాలుగు మూలలూ గుండ్రంగా మూసెయ్యండి, పరిగెత్తిన పిల్ల మూలలో ఇరుక్కోకుండా చుట్టూ తిరిగి వస్తుంది. రాత్రిళ్ళు కూడా ఒక్కసారి తొంగి చూడండి. బల్బు కింద కుప్పగా చేరి గట్టిగా కియ్ కియ్ అంటుంటే అది చలి. రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి బల్బుకు దూరంగా పోతుంటే వేడి ఎక్కువైనట్టు. అంతటా పరుచుకుని సన్నగా కిచకిచలాడుతుంటే హాయిగా ఉన్నట్టు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ కావాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ రావచ్చు, అంటే మీ పిల్లలకు ఇప్పుడు 85 దాకా కావాలి. నవంబరు వానల్లో, వాయుగుండం పట్టిన రాత్రుల్లో మన దగ్గర అంత వేడి ఉండదు. పిల్లకు 1 నుంచి 2 వాట్ల లెక్క, మీకు ఒక 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు సరిపోతుంది. ఎల్‌ఈడీ బల్బుతో వెలుతురే తప్ప వెచ్చదనం రాదు. చలికి వణికే పిల్లను మాలిమి చెయ్యాలని చూసినా కుదరదు, ముందు అది వెచ్చగా ఉండాలి.

మూడు వారాలు దాటాక ఇంకేం మాలిమి అవుతాయిలే అని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో పిల్ల ఎవరిని చూస్తే వాళ్ళనే తల్లి అనుకుని వెంట పడుతుంది, అది నిజమే. డగ్లస్ స్పాల్డింగ్ అనే ఇంగ్లండ్ పరిశీలకుడు 1873లోనే దీన్ని రాశాడు. పుట్టగానే కళ్ళకు గంతలు కట్టి, దాదాపు నాలుగు రోజులకు విప్పితే ఆ పిల్లలు ఆయన్ని చూసి భయంతో పారిపోయాయట. మీవి ఆ వయసు దాటే మీ ఇంటికి వచ్చాయి, పైగా దారంతా వ్యాన్‌లో ఊగి, అమ్మేవాడి చేతుల్లో పడి వచ్చాయి. కాబట్టి తల్లి అనుకుని వెంటపడే దశ పోయింది. కానీ మేత ఇచ్చే చేతిని గుర్తుపట్టి దగ్గరికి రావడానికి వయసుతో పని లేదు, పెద్ద కోళ్ళు కూడా నేర్చుకుంటాయి, కొంచెం ఎక్కువ ఓపిక కావాలంతే.

పొద్దున్నే మొదటి మేత వేసే ముందు మొదలుపెట్టండి, రాత్రంతా గడిచి వాటి మేతసంచి ఖాళీగా ఉంటుంది. మాలిమి కోసమని మేత మాన్పించి మాడ్చొద్దు, ఈ వయసులో ఎదుగుదల దెబ్బతింటుంది. పక్కన కూర్చుని అరచెయ్యి నేల మీద వెల్లకిలా పరిచి, అందులో కొంచెం నూకలో చిదిమిన సజ్జలో, దొరికితే నాలుగు చెదపురుగులో పెట్టండి. చెదలంటే పిల్లలు ఎంత భయంలోనైనా ఆగలేవు. చెయ్యి మాత్రం కదలకూడదు, మొదటి రోజుల్లో ఏ పిల్లా రాకపోయినా ఆ మేత అక్కడే వదిలేసి లేచిపోండి. ఏదో ఒక తెగువ పిల్ల ముందు వచ్చి ఒక గింజ లాక్కుని పారిపోతుంది, దాన్ని చూసి మిగతావి వస్తాయి. చేతిలో తింటోంది కదా అని అప్పుడే వేళ్ళు ముడిచి పట్టుకోబోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఈ చిరుతిండి చారెడు మించొద్దు, అసలు మేత 20 శాతం మాంసకృత్తులున్న చిక్ స్టార్టర్ (చిన్న పిల్లల దాణా) ఉండాలి.

మేత వేసే ప్రతిసారీ ఒకే పిలుపు పిలవండి, బా బా అంటారో నాలుకతో టక్ టక్ అంటారో మీ ఇష్టం. తల్లికోడి కూడా గింజ దొరికితే ముక్కుతో పొడుస్తూ టకటకమని వరసగా పిలుస్తుంది కాబట్టి వేలితో నేల మీద పొడిచి చూపిస్తే ఇంకా మంచిది. సాయంత్రం తోలే బాధ కూడా ఈ పిలుపుతోనే పోతుంది. చీకటి పడకముందే గూట్లో బల్బు వేసి, లోపల కొంచెం మేత చల్లి పిలవండి, వెనక నుంచి కర్రతో తోలడం ఆపెయ్యండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వెంటపడి పట్టుకోవద్దని చెప్పండి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పిల్లను గట్టిగా పట్టుకుని కాసేపు వెల్లకిలా పెడితే బిగుసుకుపోయి కదలకుండా పడుకుంటుంది, చూసినవాళ్ళు అలవాటుపడింది అనుకుంటారు. అది అలవాటు కాదమ్మా, పులి నోట పడ్డ జింకలా చచ్చినట్టు పడి ఉండే భయం. అలాగే గుంపులో ఒకటే చేతికి సులువుగా దొరికి, కళ్ళు మూసుకుని, రెక్కలు జార్చి కూర్చుంటే అది జబ్బు, రెట్ట చూడండి, రక్తం కనిపిస్తే వెంటనే పశువైద్యుడికి చూపించండి. మాలిమి అయిన పిల్ల చేతిలోనూ చురుగ్గా తల తిప్పుతూ, గింజ కోసం వెతుకుతూ ఉంటుంది. ఎత్తాల్సి వచ్చినప్పుడు రెండు చేతులూ కింది నుంచి పెట్టి, కాళ్ళకు అరచేతి ఆసరా ఇచ్చి ఎత్తండి, రొమ్ము చుట్టూ బిగించొద్దు, కోడికి మనలా ఉదరవితానం (ఊపిరి ఆడించే కండరపు పొర) ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది.

వ్యాన్‌లో వచ్చిన పిల్లలకు టీకాలు వేశారో లేదో అమ్మినవాళ్ళ మాట నమ్మి ఊరుకోవద్దు. కొక్కెర తెగులుకు మొదటి వారంలో, గంబోరో జబ్బుకు రెండో వారంలో వెయ్యాలి, మీవి మూడు వారాలవి కాబట్టి ఇక ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పశువైద్యశాలలో అడగండి. టీకా రోజు చీకటి పడ్డాక, మసక వెలుతురులో, వేరే ఎవరైనా పట్టుకుంటే మంచిది, రోజూ మేత పెట్టే చేతికి ఆ చెడ్డపేరు రాకుండా ఉంటుంది. పిల్లల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంట్లో పిల్లలు వీటిని ముద్దుపెట్టుకోకుండా చూడండి. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బల్లో బర్డ్ ఫ్లూ తేలింది కదా, ఎప్పుడైనా కోళ్ళు ఉన్నట్టుండి వరసగా చనిపోతే చేత్తో తాకకుండా పశువైద్యశాలకు కబురు చెయ్యండి.

ఇక నాటుకోడి. పిల్లల తల్లి పొడవడం దాని ధర్మం, దాన్ని కొట్టొద్దు, పిల్లల జోలికీ పోవద్దు. తల్లినే మంచి చేసుకోండి. గంప కింద ఉన్నప్పుడు పక్క నుంచి గింజలు తోసి పక్కనే కూర్చోండి, మెడ ఈకలు లేపడం మానేసి మీరుండగానే తిని పిల్లల్ని పిలిచిందంటే ఆ ఎనిమిదీ మీవే, తల్లి దేనికి భయపడకపోతే పిల్లలూ దానికి భయపడవు. పని తగ్గుతుందని కొన్న పిల్లల్ని మాత్రం దాని కింద కలపొద్దు, మూడు వారాల పరాయి పిల్లల్ని ఆ తల్లి పొడిచి చంపెయ్యొచ్చు.