దేవరకొండ సీటు మహిళలకు వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: నేను దేవరకొండ నియోజకవర్గంలో ఒక తండా సర్పంచ్‌ని. లంబాడా మహిళను, డిగ్రీ చదివాను. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడాలని ఉంది. మా మండల నాయకుడిని అడిగితే "ఇది మహిళా సీటు కాదు కదమ్మా, అయినప్పుడు చూద్దాం" అన్నారు. 33 శాతం చట్టం వచ్చింది కదా, 2028లో మా సీటు మహిళలకు వస్తుందా? పార్టీ టికెట్లలో, మంత్రి పదవుల్లో ఆడవాళ్ళకు వాటా ఇవ్వమని హైకోర్టులో కేసు వేయొచ్చా? ఇంకో మాట. పంచాయతీ చెక్కులు, కాగితాలు మా ఆయనే చూసుకుంటారు. నేను సంతకాలు మాత్రం పెడతాను. దీనివల్ల ముందుముందు ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: అమ్మా, మీరు "ఇంకో మాట" అని చివర్లో అడిగిందే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ మండల నాయకుడి సంగతి చూద్దాం.

మహిళా సీటు, జనరల్ సీటు అనే లెక్క మనకు పంచాయతీ ఎన్నికల వల్ల అలవాటైంది. రాజ్యాంగం 243డి అధికరణం స్థానిక సంస్థల్లో మూడో వంతుకు తగ్గకూడదంటే, 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సగం ఇచ్చింది. వార్డు మెంబరు దగ్గర్నుంచి జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ దాకా ఆ సగం నడుస్తుంది. అక్కడ కూడా రిజర్వ్ చేసిన సీట్లో మగవాళ్ళు నిలబడకూడదని ఉందే తప్ప, రిజర్వ్ చేయని సీట్లో ఆడవాళ్ళు నిలబడకూడదని ఎక్కడా లేదు. ఇక అసెంబ్లీకి మొన్న 2023లో జరిగిన ఎన్నికల దాకా మహిళా సీటు అనేదే లేదు. ఆలేరు నుంచి 1952లో ఆరుట్ల కమలాదేవి, తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో మల్లు స్వరాజ్యం గెలిచింది మగవాళ్ళూ పోటీ చేయగల సీట్లలోనే. 2023లో కోదాడలో పద్మావతి రెడ్డి, నారాయణపేటలో పర్ణికా రెడ్డి, 2024లో మహబూబ్‌నగర్ లోక్‌సభకు డీకే అరుణ కూడా అంతే. మీ నాయకుడి లెక్కే నిజమైతే వీళ్ళలో ఒక్కరి నామినేషన్ కూడా స్క్రూటినీ దాటేది కాదు.

దేవరకొండ ఎస్టీలకు రిజర్వ్ అయిన సీటు. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎస్టీ అసెంబ్లీ సీటు అదొక్కటే. ఎస్టీ అయి, 25 ఏళ్ళు నిండి, తెలంగాణలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటు ఉంటే చాలు, ఆడైనా మగైనా నామినేషన్ వేయొచ్చు. ములుగు కూడా ఎస్టీ సీటే. అక్కడ గెలిచిన సీతక్క 2023 డిసెంబరులో మంత్రి అయ్యారు. అయితే "అయినప్పుడు చూద్దాం" అనే మాటను మీరు చట్టం అనుకుని వెనక్కి తగ్గితే ఆయనకు పని తేలిక. టికెట్ ఇవ్వం అని మొహం మీద చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఇక 33 శాతం సంగతి. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ సీట్లలోనూ మూడో వంతు ఆ వర్గాల మహిళలకే. ఇప్పుడున్న 119 సీట్ల మీద లెక్కేస్తే దాదాపు 40, అందులో 12 ఎస్టీ సీట్లకు నాలుగు. రాజ్యసభకు, శాసనమండలికి ఇది వర్తించదు. వినడానికి బాగానే ఉంది కానీ తాళం 334ఎ అధికరణంలో ఉంది. చట్టం వచ్చాక జరిగే మొదటి జనగణన లెక్కలు ప్రచురించాలి, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, అప్పుడే రిజర్వేషన్ అమలు అని అందులో రాశారు. జనగణనకు లెక్క తేదీగా కేంద్రం 2027 మార్చి 1ని ప్రకటించింది. మన అసెంబ్లీ గడువు 2028 చివరికి ముగుస్తుంది. లెక్కలు రావడం, పునర్విభజన కమిషన్ కూర్చోవడం, అభ్యంతరాలు వినడం, తుది జాబితా ఇవ్వడం ఇన్నీ ఆ వ్యవధిలో పూర్తవుతాయని నేనైతే మీకు భరోసా ఇవ్వను. పార్లమెంటు ఆ షరతునే సవరిస్తే లెక్క మారుతుంది. నేను చెబుతున్నది 2023 చట్టంలో ఉన్న మాట. ఆ షరతును పక్కన పెట్టాలని సుప్రీంకోర్టుకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు, 2024 ఎన్నికలకు మాత్రం అది పనికిరాలేదు.

పునర్విభజన అంటే హద్దులే మారతాయి. ఈ రోజు మీరు "మా దేవరకొండ" అనుకుంటున్న మండలాలు రేపు అదే నియోజకవర్గంలో ఉంటాయో లేదో చెప్పలేం. కాబట్టి మీ సీటు మహిళలకు వస్తుందా అనే ప్రశ్నకు ఇవాళ ఏ వకీలూ జవాబు చెప్పలేడు. చెబితే ఫీజు ఇవ్వకండి.

కోర్టు కేసుల మాట త్వరగా తేల్చేస్తాను. ఇంతమంది మహిళలకు టికెట్ ఇవ్వాలని పార్టీలను కట్టడి చేసే చట్టం లేదు. బీ ఫారం ఎవరికివ్వాలన్నది పార్టీ ఇష్టం, దాని మీద రిట్ నిలబడదు. మంత్రి పదవులూ అంతే. 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య సభ్యుల సంఖ్యలో 15 శాతం మించకూడదు, మనకు 18 అన్నమాట. వాళ్ళలో మహిళలు ఎందరుండాలో ఆ అధికరణం చెప్పదు. 33 శాతం చట్టం అమలైనా అది సభలో సీట్లకే, మంత్రివర్గానికి కాదు. 2014లో ఏర్పడిన తెలంగాణ తొలి మంత్రివర్గం 2018లో సభ రద్దయ్యేదాకా ఒక్క మహిళా మంత్రి లేకుండానే నడిచింది. అది రాజ్యాంగ విరుద్ధమేమీ కాలేదు, సిగ్గుచేటు అంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు. 2019 సెప్టెంబరులో సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ వచ్చాక గానీ ఆ లోటు తీరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హోంమంత్రిగా చేసిన సబితమ్మ ఉన్న రాష్ట్రంలో సమర్థులు దొరకలేదనే సాకు చెల్లదు. అది రాజకీయంగా తేల్చుకోవాల్సిన పని. మీ డబ్బు, టైం హైకోర్టులో పోగొట్టుకోకండి.

ఇప్పుడు మీ సంతకాల దగ్గరికి వద్దాం. ఫ్లెక్సీ మీద మీ ఫొటో కంటే మీ ఆయన ఫొటో పెద్దగా ఉంటే చట్టానికి పట్టదు. చెక్కు మీద సంతకం మీదైతే మాత్రం పట్టుకునేది మిమ్మల్నే. చదవకుండా పెట్టాను, మా ఆయన పెట్టమన్నాడు అనే మాట ఆడిట్ ముందు గానీ, కోర్టులో గానీ మిమ్మల్ని కాపాడదు. అవినీతి నిరోధక చట్టం దృష్టిలో సర్పంచ్ ప్రభుత్వ సేవకురాలే. నిధులు పక్కదారి పడితే కలెక్టర్ సస్పెండ్ చేయొచ్చు, సొమ్ము రికవరీ పెట్టొచ్చు.

ఇది ఎమ్మెల్యే ఆశకు ఎక్కడ ముడిపడిందో చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, 8వ సెక్షన్ ప్రకారం ఏ నేరంలోనైనా రెండేళ్ళు, అంతకు మించి శిక్ష పడితే జైలు కాలం, విడుదలయ్యాక మరో ఆరేళ్ళు పోటీకి అనర్హత. అవినీతి నిరోధక చట్టం కింద అయితే శిక్ష రెండేళ్ళకు తక్కువైనా అనర్హత తప్పదు. కేసు నడుస్తున్నంత మాత్రాన పోటీకి అడ్డం లేదు కానీ, ఆ వివరం నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో రాయాలి, అది ఊరంతా చదువుతుంది. సంతకాలు పెట్టించిన భర్త మీద కేసు ఉంటుందో ఉండదో గానీ మీ దారి మూసుకుపోతుంది. ఇలా కేసుల్లో చిక్కుకుని వచ్చే మహిళా సర్పంచ్‌లను చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది ఆ భర్తల మీద కాదు, "ఆమెకు ఏం తెలుస్తుందిలే" అంటూ కాగితాలు నేరుగా ఆయనకే ఇచ్చే ఆఫీసుల మీద.

ఖాళీ చెక్కుల మీద సంతకం ఈ రోజుతో ఆపేయండి. ఇంట్లో గొడవ అవుతుందని టెన్షన్ ఉంటే నా పేరు చెప్పండి, వకీలు వద్దన్నాడనండి. పంచాయతీ కార్యదర్శిని పిలిచి క్యాష్ బుక్, చెక్కుల రిజిస్టరు, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టి, మీరు సర్పంచ్ అయిన రోజు నుంచి ఒక్కో చెక్కు ఏ పనికి, ఏ తీర్మానం మీద వెళ్ళిందో సరిచూసుకోండి. తేడా కనిపిస్తే ఆడిట్ వాళ్ళు రాకముందే జిల్లా పంచాయతీ అధికారికి మీ సంతకంతో లేఖ ఇచ్చి, రసీదు తీసుకోండి.

నామినేషన్ ఖర్చుకు భయపడకండి. అసెంబ్లీకి డిపాజిట్ పది వేలు, ఎస్టీ అభ్యర్థికి ఐదు వేలు. గుర్తింపు పొందిన పార్టీ టికెట్ ఉంటే ప్రతిపాదించే ఓటరు ఒక్కరు చాలు, ఇండిపెండెంట్‌గా అయితే పది మంది కావాలి. వాళ్ళు అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. కుల ధ్రువపత్రంలో, ఓటరు జాబితాలో మీ పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట ఉంటే ఎన్నికల ముందు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.