పైజామాల రోజుకు కొత్త బట్టలు కొనాలా?

లీడ్స్, ఇంగ్లండ్,
నవంబరు మొదటి వారం

చిట్టితల్లీ,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పేలోపే చిన్నది ఏడుపు అందుకుంది, నువ్వు పెట్టేశావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వచ్చే శుక్రవారం పిల్లలందరూ పైజామాలతో రావాలని స్కూలు నుంచి కబురు వచ్చింది, ఇద్దరికీ కొత్త జతలు కొనాలా అన్నావు. వద్దు. ఒంటికి సరిపడే జత ఇంట్లో ఒక్కటి ఉన్నా కొనకు. కొనక తప్పని సందర్భం ఒకటుంది, అది కూడా చెబుతాను.

ముందు ఆ మాటకు ఇక్కడి అర్థం తెలుసుకో. 2004లో మీ అన్నయ్య ఇక్కడ ఒకటో తరగతి చదువుతుండగా మాకూ ఇలాంటి కాగితమే వచ్చింది. మేము ఈ దేశానికి వచ్చి అప్పటికి మూడేళ్లు. పైజామా అంటే నాకు తెలిసినది మీ తాతగారు పండగ పూట వేసుకునే లాల్చీ పైజామా ఒక్కటే. కాళ్లకు తొడిగేది అని అర్థమున్న ఆ పారసీ మాట మన దేశం నుంచే ఇంగ్లీషులోకి వెళ్లి, ఇక్కడ రాత్రి పడుకునే బట్టలకు పేరైందని నాకేం తెలుసు? వాడికి సంక్రాంతి లాల్చీ తొడిగి, తల దువ్వి పంపాను. గేటు దగ్గర మిగతా పిల్లలంతా బొమ్మలు అచ్చువేసిన మెత్తటి చొక్కాల్లో, వదులు లాగుల్లో ఉన్నారు. టీచరు ఎంతో ఆదరంగా, చాలా బాగుందని మెచ్చుకుంది. వాడు మాత్రం సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, నువ్వు కాగితం చదవలేదా?" అని అడిగాడు. వాడికి పడుకోవడానికి మంచి బట్టలు బీరువాలో ఉన్నాయి. అయినా మర్నాడే బజారుకు వెళ్లి ఇంకో రెండు జతలు కొన్నాను. అవి వాడికోసం కొన్నవి కావు తల్లీ, నా సిగ్గు కప్పుకోవడానికి కొన్నవి. నీ గొంతులో మొన్న ఆ కంగారే వినిపించింది.

కాబట్టి ఆ కబురు ఇంకోసారి చదువు. కొన్ని స్కూళ్లు పైజామాలంటాయి, కొన్ని చుక్కల బట్టలంటాయి, కొన్ని యూనిఫాం బదులు ఏవైనా సొంత బట్టలు చాలంటాయి. అనుమానం ఉంటే గేటు దగ్గర మరో తల్లిని అడుగు. ఇందులో నామోషీ లేదు, వాళ్లలో సగం మందికి అదే అనుమానం ఉంటుంది.

ఇదంతా బీబీసీ వాళ్లు ఏటా నవంబరులో నడిపే 'చిల్డ్రన్ ఇన్ నీడ్' విరాళాల కోసం. 1980 నుంచి టీవీలో ఒక రాత్రి కార్యక్రమం పెట్టి, ఈ దేశంలో కష్టాల్లో ఉన్న పిల్లల కోసం డబ్బు పోగుచేస్తున్నారు. కంటికి చుక్కల కట్టు కట్టుకున్న పసుపు రంగు ఎలుగుబంటిని చూశావు కదా, దాని పేరు పడ్సీ. అది మా లీడ్స్ పక్కనున్న పట్నం పేరే. 1985లో ఆ బొమ్మను గీసిన జోఆనా లేన్ తన సొంత ఊరి పేరు పెట్టుకుంది. ఆ ఊరి మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ముచ్చటగా ఉంటుంది.

నా బాధ ఏమిటంటే, లేని పిల్లల కోసం పెట్టిన రోజు కొన్ని ఇళ్లలో లేని ఖర్చు తెచ్చిపెడుతోంది. స్కూలు అడిగేది సాధారణంగా ఒక్క పౌండు, అదీ ఇష్టముంటేనే. సూపర్‌మార్కెట్లో పిల్లల పైజామా జత పది పౌండ్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఇద్దరికీ కొంటే విరాళం రెండు పౌండ్లు, బట్టలకు ఇరవై! నీకు ఆ ఇరవై పెద్ద లెక్క కాకపోవచ్చు. కానీ నీ కొడుకు పక్కన కూర్చునే పిల్లవాడి ఇంట్లో అది వారం కూరగాయల డబ్బు కావచ్చు. అందరూ కొత్తవి వేసుకొస్తే పాతవి వేసుకొచ్చినవాడే వేరుగా కనిపిస్తాడు. మీ పిల్లలు ఉతికిన పాత జతలో వెళ్తే ఆ పిల్లవాడికి తోడు దొరుకుతుంది. కొత్త బట్టలకు పెట్టాలనుకున్న డబ్బులో సగం స్కూలు విరాళాల డబ్బాలో వేయించు. వాళ్ల చేతులతోనే వేయించు.

ఇక కొనాల్సిన సందర్భం. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు పడుకోవడానికంటూ వేరే బట్టలు ఉండవు. పొట్టి నిక్కరు, పాత టీషర్టు, వేసవిలో ఒట్టి బనీను. మీ పెద్దవాడు కూడా అంతేనని నువ్వే అన్నావు. అలాంటప్పుడు ఒక జత కొను, తప్పులేదు. ఎలాగూ మార్చి దాకా ఈ చలిలో వాడికి కాళ్లు కప్పే బట్టలు కావాలి. అయితే ఆ ఒక్క రోజుకే పనికొచ్చే ఎలుగుబంటి బొమ్మది వద్దు, చలికాలమంతా వేసుకునేది చూడు. ముందు, జనం ఇచ్చిన పాత వస్తువులు అమ్మే ఛారిటీ దుకాణాల్లో వెతుకు, ఆక్స్‌ఫామ్, బర్నార్డోస్ లాంటివి మీ రీడింగ్ ఊళ్లోనూ ఉంటాయి. అక్కడ కొన్న డబ్బు కూడా సేవకే పోతుంది. పైనుంచి కింది దాకా ఒకే జిప్పుతో వచ్చే తొడుగు మాత్రం చిన్నదానికి వద్దు. రిసెప్షన్ అంటే ఇక్కడ బడిలో మొదటి ఏడాది, ఆ వయసు పిల్లలు బాత్రూమ్‌లో దాన్ని విప్పుకోలేక అవస్థపడతారు.

కొలత విషయంలో మన అలవాటు పక్కన పెట్టు. పెరిగే పిల్లలని రెండు సైజులు పెద్దవి కొనకు. పొడవు లాగు కాళ్లకు అడ్డం పడుతుంది, వేలాడే చేతులు మంటకు అందుతాయి. ఇక్కడ 5-6 ఏళ్ల సైజు అంటే 116 సెంటీమీటర్ల ఎత్తు, 6-7 అంటే 122. గోడకు నిలబెట్టి కొలిచి కొను.

మంట అన్నాను కదా, నువ్వు అడగకపోయినా ఇది గట్టిగా చెప్పాలి. ఇక్కడ పిల్లల రాత్రి దుస్తులకు 1985 నుంచి ఒక చట్టం ఉంది. పిల్లల నైటీలు, డ్రెస్సింగ్ గౌన్లు మంట పరీక్ష నెగ్గితేనే అమ్మాలి. పైజామాలకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అవి పరీక్షకు నిలిచాయో లేదో లేబుల్ మీద చెబితే చాలు. నిలవనివాటి మీద నిప్పుకు దూరంగా ఉంచమని ఎర్రటి అక్షరాలు కనిపిస్తాయి. ఊరి నుంచి తెచ్చుకున్న నైట్ డ్రెస్సుల మీద అలాంటి లేబుల్ నేనెప్పుడూ చూడలేదు. ఈ పైజామాల రోజు చాలా ఏళ్లు కార్తీకమాసంలోనే పడుతుంది. 2024లో ఆ శుక్రవారం, నవంబరు 15, సరిగ్గా కార్తీక పౌర్ణమి. పొద్దున్నే నువ్వు దీపం పెడుతుంటే పిల్లలు పక్కకు వచ్చి కూర్చుంటారు. ఆ బట్టలు వేసుకున్నాక దీపం దగ్గరికి, స్టవ్ దగ్గరికి రానివ్వకు. ముందు దీపం, దండం, ఆ తర్వాతే బట్టలు.

మీ అత్తగారి సంగతి కూడా అడిగావు. పక్కమీద వేసుకున్నవాటితో గడప దాటడమేమిటని ఆవిడ బాధపడటం సహజం, తర్వాతి ఏడు మీ అన్నయ్య అలా వెళ్లిన రోజు మా అత్తగారైతే అన్నం కూడా తినలేదు. వాదించకు. గురువారమే ఆ జతను ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టు. శుక్రవారం పిల్లలకు తలంటి, ఆవిడ చేతే ఆ ఉతికిన బట్టలు తొడిగించు. సాయంత్రం వాళ్లు రాగానే విప్పించి ఉతకడానికి వెయ్యి, స్కూలు నేల మీద కూర్చున్నవాటితో పక్క ఎక్కనివ్వకు. ఆవిడ మాటా నిలుస్తుంది, స్కూలు మాటా నిలుస్తుంది.

మిగతావి చిన్న విషయాలే. లోపల బనీను, బిగుతు లాగు వెయ్యి, పైన కోటు తప్పనిసరి. కాళ్లకు మామూలు బూట్లే, మెత్తని చెప్పులతో తడి నేల మీద జారిపడతారు. లోదుస్తులు మరవకు, ఇంట్లో అవి లేకుండా పడుకునే అలవాటు ఉంటే పొద్దున కంగారులో అలాగే వెళ్లిపోతారు. లేబుల్ మీద పేరు రాయి.

చుక్కలు కావాలని పిల్లలు పేచీ పెడితే, పాత రవిక గుడ్డలోంచి గుండ్రంగా కత్తిరించి నాలుగు కుట్లు వెయ్యి. బొట్టుబిళ్లలు అంటించకు, మొదటి ఆటకే రాలిపోతాయి. పెద్దవాడి పాత లాగు నడుము సాగిపోయిందన్నావు కదా, అది పారెయ్యకు, చిన్నదానికి సరిపోవచ్చు. సన్న ఎలాస్టిక్ ఒక మూర తెచ్చుకో. బుధవారం రాత్రి వీడియో కాల్ చేస్తాను, పిన్నీసుతో ఎలా దూర్చాలో చూపిస్తాను.

నీ
పెద్దమ్మ