ఆరుబయట మూడు పీపాలు: బ్యారెల్ రేసింగ్ ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో గుర్రం పెంచుకుంటూ బ్యారెల్ రేసింగ్‌లో దిగుతున్న పాఠకుల ఉత్తరాలు ఈ నెల చాలా వచ్చాయి. ఆట తెలియనివారి కోసం ఒక్క మాట. త్రికోణంలో మూడు ఇనుప డ్రమ్ములు పెడతారు. గుర్రం ఒక్కోదాన్ని చుట్టి, మూడోది అయ్యాక గేటువైపు దౌడు తీస్తుంది. ఉమెన్స్ ప్రొఫెషనల్ రోడియో అసోసియేషన్ ప్రామాణిక కొలతల ప్రకారం మొదటి రెండు పీపాల మధ్య 90 అడుగులు, ఆ రెండింటి నుంచి మూడోదానికి 105 అడుగులు, టైమర్ గీత నుంచి మొదటి రెండింటికి 60 అడుగులు. చోటు చాలని అరీనాల్లో ఇవి తగ్గుతాయి.

ప్రశ్న: మా ఆడగుర్రానికి ఐదేళ్లు. ఏడాదిగా ఇంటి దగ్గరే ప్యాటర్న్, అంటే మూడు పీపాలు చుట్టే వరుస, నేర్పుతున్నాం. మొదటిసారి రెండు రోజుల రేసుకు తీసుకెళ్తున్నాం. శని, ఆదివారాల్లో ఎన్నిసార్లు పరుగెత్తించవచ్చు?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

రోజుకు ఒక్క పోటీ రన్ చాలు. దానికి ముందు శనివారం రెండు ఎగ్జిబిషన్లు (సాధన పరుగులు), ఆదివారం ఒకటి. అంతకు మించి వద్దు. ఓపెన్ (అందరికీ), యూత్ (చిన్న వయసువారికి) విభాగాలు రెండింట్లో పేరు ఇవ్వాలనుకుంటే, ఒకే రన్ టైమును రెండింటికీ లెక్కకట్టే వీలుందేమో ఎంట్రీ బల్ల దగ్గర అడగండి. చాలాచోట్ల ఉంటుంది. గుర్రాన్ని రెండుసార్లు తిప్పాల్సిన పని తప్పుతుంది.

ఎగ్జిబిషన్ అంటే పోటీకి ముందు కొద్ది డాలర్లు కట్టి, అదే అరీనాలో అవే పీపాల చుట్టూ తిప్పుకునే సమయం. చాలాచోట్ల ఒక నిమిషం ఇస్తారు. ఆ నిమిషంలో మూడు పీపాలూ చుట్టి తీరాలనే తొందర పెట్టుకోకండి. మొదటి ఎగ్జిబిషన్ అంతా ట్రాట్‌లోనే, అంటే నెమ్మది పరుగులోనే. మొదటి పీపా దగ్గరికి వెళ్లి, పక్కనే ఆపి, ఒక అడుగు వెనక్కి వేయించి, ఊపిరి పీల్చుకోనిచ్చి, అప్పుడు చుట్టించండి. నిమిషం అక్కడే అయిపోతే అయిపోనివ్వండి. రెండో ఎగ్జిబిషన్‌లో నెమ్మది లోప్, అంటే ట్రాట్ కంటే కాస్త వేగమైన పరుగు. పోటీ రన్‌లోనూ పూర్తి వేగం అడగకుండా, తను హాయిగా వెళ్లగలిగినంతే వెళ్లనివ్వండి.

వామప్‌కు అరగంట సరిపోతుంది. పది నిమిషాలు నడక, ఏడెనిమిది నిమిషాలు రెండు వైపులా ట్రాట్, కుడి లీడ్ మీద (కుడి ముందుకాలు ముందుకు సాగేలా), ఎడమ లీడ్ మీద కొన్ని వలయాలు లోప్, ఆపైన పిలుపు వచ్చేదాకా నడక. పొద్దున్నే జీను వేసి గంటల తరబడి దానిమీదే కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు ప్రతి అరీనాలోనూ కనిపిస్తారు. పాపం ఆ గుర్రం వీపు అలసట అంతా మూడో పీపా దగ్గర బయటపడుతుంది. డ్రాలో (పరుగుల వరుసలో) మీ ముందు ఐదుగురు ఉన్నారనగా దిగి, జీను కింది పట్టీ మరోసారి బిగించండి. వామప్‌లో పొట్ట లోపలికి పోయి పట్టీ వదులవుతుంది. అది మరిచిపోతే మలుపులో జీను పక్కకు జారుతుంది.

రన్‌లు తక్కువ ఉండాలనడానికి అసలు కారణం కాళ్లు. శిక్షణకు కండరాలు తొందరగా అలవాటు పడతాయి. స్నాయువులు, ఎముకలు అలవాటు పడటానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. అలసిన గుర్రం మలుపులో వెనక కాళ్ల మీద కూర్చోలేక ముందు భుజం మీదికి వాలుతుంది. ఆ వాలడాన్నే పద్ధతిగా నేర్చేసుకుంటుంది.

ప్రశ్న: నా టైము 16.480. డబ్బు రాలేదు. 16.710 కొట్టిన ఆవిడకు వచ్చింది! ఇది లెక్కల పొరపాటా?
— ఒక పాఠకురాలు, ఓక్లహోమా

పొరపాటు కాదు, డివిజన్ల లెక్క. టైముల్ని బట్టి గుర్రాలను డివిజన్లుగా విడదీసి, ఒక్కో డివిజన్‌లో ముందున్నవారికి డబ్బు ఇస్తారు. ఆ రోజు అందరికంటే తక్కువ టైము 15.702 అనుకోండి. మొదటి డివిజన్ అక్కడ మొదలవుతుంది. దానికి అర సెకను కలిపితే 16.202, అది రెండోదానికి మొదలు. ఒక సెకను కలిపితే 16.702, మూడోది. మీ 16.480 రెండో డివిజన్‌లో పడింది కానీ, దాని మొదలుకు 0.278 సెకను వెనక ఉంది. మధ్యలో ఎంతమంది ఉన్నారో! ఆవిడ 16.710 మూడో డివిజన్ మొదలుకు 0.008 సెకను దూరంలోనే ఉంది. నాలుగో డివిజన్ ఎక్కడ మొదలవుతుందో నిర్వాహకుల నియమాల్ని బట్టి మారుతుంది.

డివిజన్ గీత ఎక్కడ పడుతుందో చివరి గుర్రం పరుగెత్తేదాకా ఎవరికీ తెలియదు. కాబట్టి ఫలానా డివిజన్‌లో పడాలని పగ్గాలు లాగి పట్టుకోవడం వట్టి వృథా. నేర్చుకుంటున్న గుర్రానికి పనికొచ్చే అంకె వేరే ఉంది. మీ టైములోంచి ఆ రోజు అతితక్కువ టైము తీసేయండి. అరీనాల సైజులు, నేల వేరువేరు గనుక ఒకచోటి 16.4ను మరోచోటి 17.1తో పోల్చలేం. తేడాను పోల్చవచ్చు. మార్చిలో 1.9 ఉన్న తేడా జూన్‌లో 1.3 అయిందంటే గుర్రం ఎదుగుతోంది.

పీపా పడితే సంగతి: ఉమెన్స్ ప్రొఫెషనల్ రోడియో అసోసియేషన్ పోటీల్లో ఒక్కో పీపాకు 5 సెకన్లు కలుపుతారు. నేషనల్ బ్యారెల్ హార్స్ అసోసియేషన్ పోటీల్లో అసలు టైమే ఇవ్వరు. ఊగి నిలబడితే మాత్రం ఎక్కడా శిక్ష లేదు.

ప్రశ్న: ఇంటి దగ్గర ఒక్క పీపా కూడా తాకదు. పోటీకి వెళ్తే ప్రతిసారీ మొదటి పీపా పడగొడుతుంది. కుడివైపు పీపాతో మొదలుపెడతాం. గట్టి కళ్లెం వేయమంటున్నారు, వేయాలా?
— ఒక పాఠకుడు, అరిజోనా

వద్దు. కొత్త కళ్లెం ఇంటి దగ్గర పరిచయం చేయాల్సిన వస్తువు, పోటీ రోజు ప్రయోగించేది కాదు. నోరు నొప్పి పెడితే తల ఎత్తేస్తుంది, భుజం ఇంకా లోపలికి పడుతుంది.

ముందు నేల చూడండి. ఎగ్జిబిషన్ అయ్యాక, తర్వాతి గుర్రం రాకముందు, కంచె దగ్గర నిలబడి మీ గుర్రం డెక్కల జాడ వెతకండి. జాడ పీపాకు నాలుగైదు అడుగుల ఎడమగా, దాన్ని దాటేదాకా తిన్నగా వచ్చి, ఆపైన పీపాను ఆనుకుని గుండ్రంగా తిరగాలి. మీ జాడ గేటు నుంచే పీపా మీదికి ఏటవాలుగా వస్తూంటే కథంతా అక్కడే తెలిసిపోయినట్టు. ఇంట్లో అరీనా మధ్యలోంచి మొదలుపెడతారు. పోటీలో గేటు చాలాసార్లు ఒక పక్కకు ఉంటుంది, కోణం మారుతుంది. లోపలికి వస్తూనే మధ్యగీతకు కాస్త ఎడమగా ఒక చోటు ఎంచుకుని, ముందు అక్కడికి గురిపెట్టండి.

రెండోది మీ కళ్లు. పీపాను చూస్తే శరీరం అటే వాలుతుంది, లోపలి చెయ్యి తెలియకుండానే లాగుతుంది, గుర్రం భుజం దించుతుంది. గుర్రం కాలు వెళ్లాల్సిన నేలను చూడండి, పీపాను కాదు. మీ మోకాలు పీపాను దాటాకే తిప్పమని అడగాలి. వేగం తగ్గించమనే సైగ మాత్రం అంతకుముందే, పీపా ఇంకా ఒక గుర్రం పొడవు దూరంలో ఉండగా ఇవ్వాలి: జీనులో లోతుగా కూర్చోవడం, నోటితో చెప్పే మాట. ఇంట్లో నెమ్మది లోప్‌లో ఆ సైగ పీపా పక్కకు వచ్చాక ఇచ్చినా సరిపోయేది. పోటీలో వేగం పెరిగింది, సైగ చోటు మారలేదు. తప్పు గుర్రానిదని అనలేం. కూర్చున్నాక బయటి చెయ్యి జీను హార్న్ (జీను ముందుండే కొమ్ము) మీద పెట్టి దాన్ని ముందుకు తొయ్యండి. లాగితే మీరు ముందుకు తూలుతారు.

శనివారం పడగొడితే, ఆదివారం ఎగ్జిబిషన్ అంతా ఆ ఒక్క పీపాకే. ట్రాట్‌లో వచ్చి పక్కన ఆపి, లోపలి కాలితో పట్టీ దగ్గర నొక్కి భుజాన్ని ఒక అడుగు బయటికి జరిపించి, అప్పుడు తిప్పండి. పోటీ రన్‌ను ముప్పావు వేగంతో ముగించండి. పీపా పడిన వెంటనే పగ్గం గుంజి కొట్టడం వల్ల గుర్రానికి అర్థమయ్యేది ఒకటే: పీపా దగ్గర నొప్పి ఉంటుంది.

ఇంట్లో కూడా కుడి మలుపే ఈమధ్య పాడైందంటే పశువైద్యుణ్ని పిలిచి కుంటు పరీక్ష చేయించండి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎక్కువగా కుడి వెనక కాలి మీద పడుతుంది. అక్కడ నొప్పి ఉంటే ఏ శిక్షణా పనిచేయదు.

ప్రశ్న: మా గుర్రం అరీనాలోకి వెళ్లే గేటు సందులోకి వెళ్లనంటోంది. వెనక్కి నడుస్తుంది, ఒకసారి ముందుకాళ్లు లేపింది.
— ఒక పాఠకురాలు, కాన్సస్

ముందుకాళ్లు లేపే గుర్రాన్ని ఇనుప గొట్టాల సందులో కొట్టి తోలకూడదు. పక్కకు ఒరిగితే నలిగేది మీ కాలే. ఆ రోజు రన్ వదులుకోండి, లేదా గేటు దగ్గరి మనిషిని అడిగి, నియమాలు ఒప్పుకుంటే దిగి నడిపించుకెళ్లండి. ఇంటికొచ్చాక కడుపు పుళ్లు, వీపు, పళ్లు, వెనక కీళ్లు చూపించండి. ప్రయాణాలు చేసే గుర్రాల్లో కడుపు పుళ్లు మామూలే.

నొప్పి లేదని తేలితే, సందుకూ దౌడుకూ ఉన్న ముడి విప్పాలి. ఎగ్జిబిషన్ కొనుక్కుని లోపలికి నడిచి వెళ్లండి, నిలబడండి, మెడ నిమరండి, నడిచి బయటికి రండి. పీపాల జోలికి పోవద్దు. డబ్బులిచ్చి నిలబడ్డారేమిటని చూసేవాళ్లు చూస్తారు. చూడనివ్వండి.

ప్రశ్న: ప్రయాణంలో నీళ్లు తాగడం లేదు. ఎంత తాగాలి? మేత ఎంత పెట్టాలి?
— ఒక పాఠకుడు, కొలరాడో

రోజుకు 20 నుంచి 40 లీటర్లు, ఎండ ఉంటే ఇంకా ఎక్కువ. ఇంటి నీళ్లు వెంట తీసుకెళ్లడం అన్నిటికంటే తేలిక. లేదా బయల్దేరే నాలుగైదు రోజుల ముందు నుంచే ఇంటి నీళ్లలో కాస్త యాపిల్ రసం కలిపి అలవాటు చేస్తే, అక్కడి నీళ్ల రుచి తేడా తెలియదు. మూడు, నాలుగు గంటలకోసారి బండి ఆపి నీళ్లు చూపించండి. ఎండుగడ్డి శరీర బరువులో 1.5 నుంచి 2 శాతం: 450 కిలోల గుర్రానికి 7 నుంచి 9 కిలోలు, రోజంతా కొద్దికొద్దిగా. దాణా మార్చకండి. పోటీ కదా అని గింజలు పెంచితే కడుపునొప్పి కొని తెచ్చుకున్నట్టే.

రెండు పూటలా జ్వరం చూడండి. 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ మామూలు. 38.6 దాటితే రన్ లేదు, డాక్టరే. కాగిన్స్ రక్తపరీక్ష (గుర్రాలకు సోకే రక్తహీనత వ్యాధికి చేసేది) నెగెటివ్ కాగితం, రాష్ట్రం దాటుతుంటే పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం బండిలోనే ఉంచండి.

ప్రశ్న: ట్రాక్టర్ గొర్రు తోలాక మొదటి గుర్రంగా వెళ్తే మంచిదా?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

చాలావరకు మంచిదే. ఐదు లేక పది రన్‌లకోసారి గొర్రు తోలుతారు. ఆ మధ్యలో ప్రతి గుర్రమూ అదే చోట కాళ్లు తన్ని తిరగడంతో పీపా చుట్టూ గాడి పడుతుంది. పదో గుర్రం వచ్చేసరికి లోపల మట్టి లోతుగా, అంచు గట్టిగా ఉంటుంది. అనుభవం ఉన్న గుర్రం సర్దుకుంటుంది. లేత వయసు గుర్రం ఆ అంచు మీద జారి భయపడితే, ఆ భయం పోగొట్టడానికి నెలలు పడుతుంది. మీ వంతు చివర్లో వస్తే గాడికి రెండడుగులు బయటగా, కాస్త నెమ్మదిగా తిప్పుకోండి. అర సెకను పోతుంది, అంతే.

మరీ లోతుగా దున్నిన నేలైతే మొదటి గుర్రానికీ కష్టమే. మీకు ముందు వెళ్లిన ఇద్దరు, ముగ్గురి గుర్రాల వెనక కాళ్లు ఎంత లోపలికి దిగుతున్నాయో చూసి నిర్ణయించుకోండి. ముందు కాళ్లకు బెల్ బూట్లు (డెక్కను కప్పే గంట ఆకారపు తొడుగులు) వేయండి. మెత్తని నేలలో ముందు కాలు ఆలస్యంగా పైకి లేస్తే వెనక డెక్క వచ్చి నాడాను పీకేస్తుంది.