లంకల్లో పశువుల పని వరదకి ముందే అవ్వాలి

పల్లెల్లో పశువైద్య సేవలు బాగుపడాలంటే పంచాయతీ, మండలం స్థాయిలో ఏం చేయాలని అడిగారు. చాలామంది కొత్త బిల్డింగులు, ఇంకా డాక్టర్లు అంటున్నారు. నాది కోనసీమలో గోదావరి మధ్యనుండే లంక ఊరు. మాకు ముందు కావాల్సింది ఏటిగట్టు పక్కన పశువులు నిలబడేంత మెరక, దాని మీద ఎండుగడ్డి, జూన్ దాటకుండా గురకవాపు (గొంతు వాచి, గురక పెట్టి పశువు చచ్చిపోయే జబ్బు) టీకా.

2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా బాబాయి పశువులపాకలో నీళ్ళు మోకాళ్ళ పైకొచ్చేశాయి. పడవ వచ్చింది. "మనుషులెక్కండి, గేదెలకి చోటు లేదు" అన్నారు. బాబాయిది చూడిగేదె, నేడో రేపో ఈనేలా ఉంది. "దీన్నొదిలేసి నేను రానండి, మీరెళ్ళిపోండి" అని గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. పిన్ని పడవలోంచి ఒకటే ఏడుపు. ఆఖరికి మా తమ్ముడు కొడవలితో పలుపు కోసేసి, దాని మెడ పక్కనే ఈదుతూ గట్టు దాకా తోలుకొచ్చాడు. నీళ్ళ పైన కొమ్ములూ ముక్కుపుటాలే కనబడుతున్నాయి. పలుపు కోయని పాకల్లో గేదెలు కట్టేసిన చోటే పోయాయి.

గట్టెక్కాక అసలు కష్టం మొదలైంది. పైన వాన, కింద బురద. గడ్డివాములన్నీ కొట్టుకుపోయాయి. మనుషులకి పులిహోర పొట్లాలు వచ్చాయి, గేదెలకి గడ్డిపరక రాలేదు. పక్కింటివాళ్ళ గేదెకి సాయంత్రం గొంతు కింద వాపొచ్చింది, రాత్రంతా గురక, తెల్లారేసరికి పోయింది. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసినా రోడ్డు మునిగితే ఆ బండి ఎలా వస్తుంది? నీళ్ళు తీశాక వచ్చి టీకాలేశారు. ఆ టీకా ఒంటికి పట్టడానికే రెండు మూడు వారాలు కావాలి. వరదలు మాకు ఎక్కువగా జూలై, ఆగస్టుల్లోనే వస్తాయని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, మరి టీకాలు మే, జూన్‌లలో ఎందుకు పూర్తిచేయరు?

నష్టపరిహారం సంగతీ చెప్పాలి. 2022–26 విపత్తు నిధి లెక్కలో పాడిగేదెకి 37,500 రూపాయలు, ఇంటికి మూడింటి వరకే. పోస్టుమార్టం కాగితం తెమ్మంటారు. సముద్రంలోకి కొట్టుకుపోయిన గేదెకి పోస్టుమార్టం ఎవరు చేస్తారండీ? చెవికి 12 అంకెల పసుపు ట్యాగు వేశారు కదా. జూన్‌లో ఇంటింటికీ తిరిగి ఆ నంబర్లు రాసుకుని రైతు సేవా కేంద్రం గోడకి అంటిస్తే, ఎవరింట్లో ఎన్ని ఉండేవో ఊరంతటికీ తెలుస్తుంది.

కుక్కల సంగతీ అంతే. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల బాధ్యత కేంద్రం 2023 రూల్స్ స్థానిక సంస్థల మీదే పెట్టాయి. మా పంచాయతీ మీటింగుల్లో ఆ ఊసే రాదు. గట్టు మీద లేగదూడలని కుక్కలు పీకుతుంటే కర్రలు పట్టుకుని మేమే కాపలా కాశాం.

ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకే మొదటి హెచ్చరిక ఇస్తారు. మూడోది 17 లక్షలకి. పశువులని మొదటి హెచ్చరికకే దాటించాలి, అప్పటికింకా పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) తిరుగుతుంది, పాకలో కాళ్ళానుతాయి. మూడో హెచ్చరిక దాకా ఆగితే మా తమ్ముడిలా ఈదాల్సిందే. మీదీ లంక ఊరైతే మే నెలలోనే సర్పంచ్ గారికి కాగితం రాసివ్వండి: మెరక ఎక్కడ, గడ్డి ఎవరు తెస్తారు, టీకా ఏ తేదీ, పశువుల పంటు ఎవరిది. నాలుగింటికీ ఆయన పేరు, ఫోన్ నంబరు రాసిస్తేనే ఆ కాగితం మీద సంతకం పెట్టండి.