హైడ్రోజన్ పేరున్న కోర్సా, కెమికలా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం. పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఈఏపీసెట్ ర్యాంకుకు జేఎన్‌టీయూ అనంతపురంలో కెమికల్ సీటు వచ్చేలా ఉంది. తనేమో గ్రీన్ హైడ్రోజన్‌లో పనిచేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఆ పేరుతోనే కోర్సు ఉందంటున్నారు. మా చుట్టూ ఇన్ని సోలార్ ప్లాంట్లు ఉన్నాయి కదా, ఉద్యోగం ఇక్కడే దొరుకుతుందా?

జవాబు: కెమికల్ సీటు వస్తే వదలొద్దండీ. పాప కోరిక తీరే దారి కూడా అదే. సోలార్, గాలిమరల లాంటి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్‌నే గ్రీన్ హైడ్రోజన్ అంటారు. అది ఎలక్ట్రికల్, కెమికల్ వాళ్లు కలిసి చేసే పని. ఆ హైడ్రోజన్‌ను గాలిలోని నైట్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేసే హేబర్ పద్ధతి పాప ఇంటర్‌లో చదివే ఉంటుంది. వందేళ్లు దాటిన ఆ పద్ధతితోనే ఎరువుల ఫ్యాక్టరీలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

పేచీ అంతా ధర దగ్గరే. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైనే కరెంటు కావాలి. యూనిట్ 4 రూపాయలనుకున్నా కరెంటుకే 200 పోతుంది. అందుకే సహజవాయువు నుంచి తీసేది ఇంకా చౌక. పైగా పొద్దుగూకితే సోలార్ ఉండదు, అమ్మోనియా ప్లాంటునేమో సాయంత్రం ఆపి పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. మీకు దగ్గర్లోనే, పాణ్యం వైపు పిన్నాపురంలో గ్రీన్‌కో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది ఇలాంటి అవసరానికే. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడతారు, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు.

సీమకు దక్కేది ఎక్కువగా ఈ కరెంటు పనే. అందులోనూ ప్యానెళ్లు బిగించేటప్పుడున్నంత మంది తర్వాత అక్కర్లేదు, గని సోలార్ పార్కులో మీరు చూసే ఉంటారు. అమ్మోనియా ఫ్యాక్టరీలు ఓడరేవుల వైపే పోతున్నాయి. కాకినాడలో ఏఎం గ్రీన్ ఏడాదికి 10 లక్షల టన్నుల ప్లాంటు తలపెట్టింది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారమే 9 లీటర్ల నీళ్లు కావాలి, శుద్ధికీ చల్లబరచడానికీ ఇంకా పోతాయి. మన దగ్గర నీళ్ల సంగతి మీకు చెప్పాలా!

2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల హైడ్రోజన్ అని కేంద్రం 2023లో 19,744 కోట్లతో మిషన్ పెట్టింది. ఆ గడువుకు అంతా అవుతుందని నేననుకోను. కానీ 2025లో కేంద్ర సోలార్ సంస్థ సెకీ పెట్టిన మొదటి వేలంలో గ్రీన్ అమ్మోనియా కిలో రూ.55.75కు ఖరారైంది. కొనేది ఎరువుల కంపెనీ, ఒప్పందం పదేళ్లకు. కొనేవాడు ముందే ఉన్నాడు కాబట్టి హైడ్రోజన్ కంటే అమ్మోనియాయే ముందు నిలదొక్కుకుంటుందని నా అంచనా. ఒకవేళ ఆలస్యమైనా కెమికల్ చదివిన పిల్లకు రిఫైనరీలు, ఫార్మా, ఎరువుల ఫ్యాక్టరీలు ఉంటాయి. హైడ్రోజన్ పేరున్న డిగ్రీకి ఆ వెసులుబాటు తక్కువ.

వెబ్ ఆప్షన్లలో కెమికల్ మొదట, ఈఈఈ తర్వాత పెట్టించండి. మూడో ఏడాదిలో ఎలక్ట్రోకెమిస్ట్రీ, ప్లాంట్ సేఫ్టీ లాంటివి ఉంటే తీసుకోమనండి, సెలవుల్లో ఏదైనా ఎరువుల ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ చేయించండి. ప్లాంటు ఉద్యోగమంటే రాత్రి షిఫ్టులు, ఊరికి దూరంగా ఉండటం. దానికి పాప, ఇంట్లోవాళ్లు సిద్ధమేనా అన్నది సీటు ఖాయం చేసుకునేలోపే మాట్లాడుకోండి.